పాటకు చేపిన బర్రె

బోగోలు మండలం,
12 నవంబరు 2025, బుధవారం, మధ్యాహ్నం.

అక్క రేవతికి,

నీ చెల్లెలు సుప్రియ దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. బావకు నమస్కారాలు. అమ్మ కాళ్ళకు నా బదులు నువ్వొకసారి మొక్కు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదట రాయాలని ఏడో తరగతిలో అయ్యవారు నేర్పించినాడు. ఆ తర్వాత ఏం రాయాలో నేర్పించేలోపలే నన్ను బడి మాన్పించినారు. అందుకని ఇక్కణ్ణుంచి నాకు తోచినట్టు రాస్తాను. తప్పులుంటే నువ్వు నవ్వుకో, అమ్మకు చదివి వినిపించేటప్పుడు మాత్రం సరిచేసి చదువు.

ఈ కాలంలో ఉత్తరమేంది అనుకుంటావు. మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు, నేను రాను అక్కా, కాన్పు కావలి ఆస్పత్రిలో చేయించుకుంటా అని చెప్పినాను. నువ్వు కోపంతో పెట్టేసినావు. ఆ ఫోన్ మామయ్యది. ఆయనకు చెవులు కొంచెం మందం. అందుకని ఎవరు చేసినా స్పీకరు పెట్టే మాట్లాడిస్తాడు. నేను మాట్లాడేటప్పుడు మామయ్య కుర్చీలో, అత్తమ్మ గడపలో, పాలకేంద్రం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు అరుగు మీద ఉన్నారు. అంతమంది ముందర నాకు నోరెట్లా వస్తుంది? చిన్నప్పుడు అంగట్లో మిగిలిన చిల్లర అడగడానికి కూడా నిన్నే ముందుకు తోసేదాన్ని గదా.

రావాలని ఉందక్కా. చాలా ఉంది. తొమ్మిదో నెల పడింది. పదహారో తారీకు ఆదివారం ఆటో మాట్లాడుకుని వస్తామన్నారు. అమ్మ వసారాలో మంచానికి కొత్త నులక బిగించిందని, కాన్పు కారం కొట్టించి జాడీలో పెట్టిందని నువ్వు చెప్పినప్పటి నుంచి ఆ వాసన నాకు ఇక్కడికే వస్తా ఉంది. తొలికాన్పు పుట్టింట్లో అంటే కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు. మా మామయ్య కాదంటున్నాడు. కారణం వింటే బావ పొట్ట పట్టుకుని నవ్వుతాడు. నేను లేకపోతే బర్రె పాలియ్యదంట.

నవ్వొద్దు. మొదటి నుంచి చెబుతాను.

మా ఇంట్లో చుక్క అని ఒక బర్రె ఉంది. నుదుటి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ, అందుకని ఆ పేరు. మామయ్యకు కూతుళ్ళు లేని లోటు దానితోనే తీరింది. ఆగస్టులో అది ఈనింది. పెయ్యదూడ. మామయ్య సంబరం చెప్పలేను, జున్ను వీధంతా పంచిపెట్టినాడు. పది రోజులకు దూడకు పారుడు పట్టింది, ఒకటే విరేచనాలు. మూడోనాడు తెల్లారేసరికి కాళ్ళు చాపేసింది. ఎందుకు పట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ రోజు ఒకటే వాన. తోలు తీసేవాళ్ళు రాలేకపోయినారు. చింతతోపులో గుంట తీసి పూడ్చేసినారు. అత్తమ్మ ఒకటే సణుగుడు. తోలన్నా మిగిలితే గడ్డి కూరి ముందర నిలబెట్టేవాళ్ళం, దూడ వాసన తగిలితే తల్లి చేపి పొదుగులోకి పాలు దించుతుంది, ఇప్పుడు దేన్ని చూసి పాలిస్తుంది అని. కనీసం దూడ మెడకు కట్టిన పలుపన్నా దొరుకుతుందేమో అని రెండు రోజులు కొట్టమంతా వెతికింది. అది కూడా గుంటలోనే పోయి ఉంటుందని వదిలేసింది.

ఆమె చెప్పినట్టే అయింది. చుక్క చేపలేదు. పొదుగు బండలాగా బిగుసుకుపోయింది, ఒక్క బొట్టు పాలు రాలలేదు. అత్తమ్మ కూర్చుంటే చెంబును తన్నింది. మామయ్య కూర్చుంటే మామయ్యనే తన్నింది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు మాథ్యూ గారు వచ్చి సూది వేసినాడు. పాలు పడినాయిగానీ దాని వొళ్ళంతా అదిరింది, కళ్ళ నుంచి ధారగా నీళ్ళు. ఇది రోజూ వేసేది కాదు పెద్దాయనా, వేస్తే బర్రె దక్కదు అని ఆయనే చెప్పి వెళ్ళినాడు.

నాలుగోరోజు పొద్దున అత్తమ్మ విసిగిపోయి, పోమ్మే, ఇంట్లో తన్ను తిననిదానివి నువ్వొక్కదానివే, నువ్వూ తినిరా అని చెంబు నా చేతికిచ్చింది. ఎవరన్నా చూస్తా ఉంటే నాకు చేతులాడవు. కొట్టానికి తడిక అడ్డం పెట్టుకుని చుక్క పక్కన కూర్చున్నాను. భయం. నోరు ఊరుకోక, అమ్మ కోవూరులో పెన్న ఒడ్డు నుంచి మన బర్రెల్ని పిలిచే పాట అందుకున్నాను. నీకు గుర్తుందా?

పొద్దు గూకే వేళాయె నల్లమ్మా
పెన్న దాటి రావమ్మా నల్లమ్మా
కుడితి కుండ నిండింది నల్లమ్మా
దూడ నిన్ను పిలిచింది నల్లమ్మా

నాలుగో వరస నేను పాడలేకపోయినాను. దూడ లేదు గదా. మూడు వరసలే తిప్పి తిప్పి పాడినాను. చుక్క నెమరు ఆపేసింది. చెవులు రెండూ ముందుకు తెచ్చింది. మెడ తిప్పి నా వొళ్ళో మూతి పెట్టి బుసబుసా ఊపిరి తీసుకుంది. కాసేపటికి పొదుగు మెత్తబడింది, చన్నుల్లోకి పాలు దిగినాయి. చెంబు నిండి నురగ పొంగింది. బయటికొస్తే అత్తమ్మ తడిక పక్కనే నిలబడి వింటా ఉంది. చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది, కోవూరోళ్ళు పాటగత్తెలని ఎవరూ చెప్పలేదే అనింది. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

సాయంత్రానికి ఊరంతా పాకింది. మా కోడలు పాడితేగాని మా బర్రె చేపదు అని మామయ్య పాలకేంద్రంలో చెప్పని మనిషి లేడు. మాథ్యూ గారు కూడా, పరదేశాల్లో ఆవుల కొట్టాల్లో పాటలు పెడతారంట, పశువు ప్రాణం నిమ్మళించి పాలు దిగుతాయంట అని ఫోనులో చూసి చదివి వినిపించినాడు. నమ్మనిది నీ మరిది, అదే మా ఆయన, ఒక్కడే. ఆయన రొయ్యల గుంటల మీద పని చేస్తాడు గదా. కొంగలూ నీటికాకులూ రొయ్యల్ని ఎత్తుకుపోకుండా అక్కడ మైకులో పాటలు పెడతారు. రెండు రోజులు బెదిరి లేచిపోతాయంట. మూడోరోజు ఆ మైకు మీదే కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటాయంట. పాటేంది నాయనా, అన్నిటికీ అలవాటేగాని అని మామయ్యతో అన్నాడు. కొంగా బర్రే ఒకటేనంట్రా, పెంచలకోన సామి పేరు పెట్టినందుకు కొంచెమన్నా బుద్ధి ఉండొద్దా అని మామయ్య ఎగిరినాడు.

తర్వాత కావలి నుంచి ఇద్దరు మగవాళ్ళు కర్రకు ఫోను తగిలించుకుని వచ్చినారు, వీడియో తీస్తామని. మామయ్య చొక్కా మార్చుకుని వచ్చి నిలబడినాడు. కొంచెం నవ్వుతా పాడమ్మా, కొంచెం ఇటు తిరిగి పాడమ్మా అని వాళ్ళు. నేను తలమీద కొంగు లాక్కుని గోడ వైపు తిరిగి నిలబడినాను. ఆ జనాన్ని చూసి చుక్క తోక ఎత్తి ఒకాయన బూట్ల మీద గంపెడు పేడ వేసింది. అత్తమ్మ, ఇదే మా చుక్క పాట, బాగా తీసుకోండి నాయనా అనింది. అందరూ నవ్వినారు. నాకు మాత్రం కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. అప్పటి నుంచి, నేను కొట్టంలో ఉంటే తడిక దాటి ఎవరూ రాకూడదని అత్తమ్మే ఖాయం చేసింది.

అక్కా, నిజం చెబుతాను. మొదట్లో నాకది బాగుండింది. ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉండే చోటు ఇంకేదీ లేదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, తడిక మూసుకుంటే నేనూ చుక్కా. పాడుకోవచ్చు, ఏడ్చుకోవచ్చు. రోజూ అదే పాత ఆకుపచ్చ చీర కట్టుకుని పోతావేందే, మారిస్తే బర్రె గుర్తుపట్టదా అని అత్తమ్మ ఎగతాళి చేసినా పట్టించుకునేదాన్ని కాదు. ఆ తడిక నాకు గది అనుకున్నాను. నన్ను కట్టేసే గుంజ అవుతుందని తెలియలేదు.

మామయ్య డిసెంబరు ఆరూ ఏడూ తేదీల్లో కావలి దగ్గర జరిగే పాలపోటీకి చుక్క పేరు రాయించినాడు. రెండు రోజులూ అందరి ముందర పిండి పాలు తూస్తారంట. నేను పందిట్లో కూర్చుని పాడాలంట. డాక్టరమ్మ పదిహేనో తేదీ చెప్పింది గదా, పోటీ ఏడుకే అయిపోతుంది, ఇంకా వారం మిగులుతుంది, ఆ తర్వాత పుట్టింటికి పోతానంటే ఎవరొద్దన్నారు అని వేళ్ళు మడిచి లెక్క చెప్పినాడు. కాన్పు ఏమన్నా బస్సా అక్కా, చెప్పిన వేళకు రావడానికి? నాకు ఇప్పటికే కింద కూర్చుంటే పొట్ట మోకాళ్ళకు తగులుతుంది. లేచేటప్పుడు గుంజ పట్టుకుని లేస్తాను. ఒకరోజు లేవలేక అట్లాగే ఉండిపోతే చుక్క కదలకుండా నిలబడింది, నేను దాని కాలు పట్టుకుని లేచినాను. అత్తమ్మ అది తడిక సందులోంచి చూసిందేమో, మరుసటి రోజు పీట తెచ్చి పెట్టింది. ఆమె మంచిదో చెడ్డదో నాకు ఇంకా తెలియడం లేదు.

నీ మరిది ఒకసారి అడిగినాడు. నాయనా, పంపిద్దాం, తొలిచూలు గదా అని. అయితే నువ్వు పాడు అన్నాడు మామయ్య. ఈయన చెప్పులేసుకుని బయటికి పోయినాడు. మూడు రోజులు ఆలోచించి, నీ పాట ఫోనులో పట్టుకుంటే సరిపోతుంది గదా అన్నాడు నాతో. నాకు ప్రాణం లేచి వచ్చింది. మధ్యాహ్నం కొట్టంలోనే నిలబెట్టి పట్టినాడు. సాయంత్రం ఫోను దూలానికి వేలాడదీసి, అత్తమ్మను పాలు పిండడానికి కూర్చోబెట్టినారు. నేను తడిక అవతల నిలబడినాను. నా గొంతు నాకే వినిపిస్తా ఉంటే ఎవరో చచ్చిపోయినవాళ్ళు పాడినట్టు ఉండింది. చుక్క తల ఎత్తింది. పలుపు అందినంత మేరా వచ్చి ఫోనును నాకింది. దాని వెనకాల ఎవరన్నా ఉన్నారేమో అని మూతి పెట్టి చూసింది. తర్వాత తలుపు వైపు తిరిగి అరిచింది. అట్లాంటి అరుపు దూడ పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇప్పుడే. చేపలేదు. అత్తమ్మ ఖాళీ చెంబుతో లేచింది. చూసినారా, దానికి పాట కాదురా, పాడే మనిషి కావాల అని మామయ్య గెలిచినట్టు తొడ చరుచుకున్నాడు.

ఆ తర్వాత నీ మరిది ఈ మాట ఎత్తలేదు. గుంటల మీదకు పోతా, వస్తా నా మొహం చూడడం లేదు.

అందుకని అక్కా, ఆదివారం మీరు రావద్దు. వస్తే మామయ్య బావను అరుగు మీద కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడతాడు, మజ్జిగ ఇస్తాడు, బర్రె కథ చెబుతాడు. అమ్మ వస్తే, ఏం వదినా, మీ పిల్లకు ఇక్కడేం తక్కువ అంటాడు. అమ్మకు ఎదురు చెప్పడం రాదు, నేనూ అమ్మ కూతుర్నే. ఆటో వచ్చి ఉత్తదే తిరిగిపోతే ఆ చక్రాల చప్పుడు నేను వినలేను. ఇంతకన్నా రాకపోతేనే నయం. మంచం మీద అమ్మనే పడుకోమను. నులక బిగుతుగా ఉంటుంది, నడుముకు మంచిది.

పొద్దున పాలు పిండేసి చుక్క కళ్ళల్లోకి చూస్తాను. అదీ పలుపు అందినంత మేరే తిరుగుతుంది. నేనూ అంతే. తేడా ఏందంటే దానికి నేను పాడతాను.

ఈ ఉత్తరం రవికె గుడ్డలమ్మే సామ్రాజ్యం అక్క చేతికి ఇస్తాను. రేపు తొమ్మిది గంటల బస్సుకు నెల్లూరు పోతా ఉంది, దోవలో కోవూరులో దిగి నీకిస్తానని మాటిచ్చింది. ఆమెకు కాఫీ ఇవ్వు. నా గురించి అడిగితే సంతోషంగా ఉందంట అని చెప్పు.

నీ చెల్లెలు,
సుప్రియ.

తా. క. — గురువారం పొద్దున. అక్కా, ఇక్కణ్ణుంచి అమ్మకు చదవొద్దు.

పైన రాసిందాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు, కానీ నిజం కూడా లేదు. చుక్క పాటకు చేపడం లేదు. దూడ పలుపు వాసనకు చేపుతుంది. ఆ పలుపు గుంటలో పోలేదు. నా దగ్గరే ఉంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బా వెనకాల దాచినాను. కొట్టంలోకి పోయేటప్పుడు ఆ పాత చీర కుచ్చిళ్ళ లోపల దోపుకుని పోతాను, అది దళసరి చీర, బయటికి కనిపించదు. ఆ మొదటిరోజు కూడా, అత్తమ్మ వెతుకులాటకు దొరక్కుండా, అది నా కుచ్చిళ్ళలోనే ఉండింది; చుక్క నా వొళ్ళో మూతి పెట్టింది పాట కోసం కాదు. తర్వాత ఒకరోజు పలుపు లేకుండా పోయి పాడి చూసినాను. పాలు రాలేదు. ఇంట్లో వాళ్ళకు ఏదో సాకు చెప్పి, మళ్ళీ పోయి పలుపుతో పిండుకొచ్చినాను. ఇంకోరోజు పలుపు పెట్టుకుని నోరు మెదపకుండా కూర్చున్నాను. చేపింది. కానీ అక్కా, పాలు పిండినంతసేపూ నెమరు వేయకుండా వెనక్కి తిరిగి నా మొహమే చూసింది, ఈరోజు పాట ఏదీ అన్నట్టు. అందుకని రోజూ పాడుతూనే ఉన్నాను. పాట చుక్కకు దేనికి పనికొస్తుందో నాకు తెలియదు. పాలకు మాత్రం కాదు.

ఫోను పెట్టి చూసినరోజు ఆ పలుపు నా నడుము దగ్గరే ఉంది. తడిక దాటి నాలుగు అడుగులు వేసి అత్తమ్మ వొళ్ళో పడేస్తే నేను ఆ రోజే కోవూరు వచ్చేదాన్ని. కాళ్ళు రాలేదు.

ఎందుకు రాలేదంటే, ఆ పలుపు నా దగ్గరికి ఎట్లా వచ్చింది అని అడుగుతారు. దూడను చంపింది నేను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. దూడను తల్లి దగ్గర రెండు గుక్కలు తాగనిచ్చి పక్కకు లాగి కట్టేస్తారు గదా. అది ఒకటే అరుస్తా ఉంది. ఆ మధ్యాహ్నమే నా కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది. నాకు ఆగలేదు. పోయి పలుపు విప్పేసినాను. అది తల్లి కిందకు దూరి పొట్ట పగిలేట్టు తాగింది. చుక్క దాని వీపు నాకుతా ఉంది. నేను చూస్తా నిలబడినాను, ఇంత చక్కటిది ఎప్పుడూ చూడలేదు అనుకున్నాను. రెండోరోజు కూడా విప్పినాను, మూడోరోజు కూడా. పచ్చిదూడకు అన్ని పాలు పడవని నాకు ఎవరూ చెప్పలేదు. మన ఇంట్లో అది నీ పని, అమ్మ పని. నేను ఎప్పుడూ దూరం నుంచి చూసిందాన్నే. పూడ్చేటప్పుడు మామయ్య పలుపు విప్పి గట్టు మీద పెట్టి పార అందుకున్నాడు. నేను తీసుకుని కొంగులో దాచుకున్నాను. ఆయన ఏడుస్తా ఉన్నాడు, చూడలేదు, మట్టితోపాటు గుంటలో పడిందనుకున్నాడు. కొట్టంలో నేను పాడిన మొదటి పాట పాట కాదక్కా. నన్ను క్షమించమని చుక్కను అడగడం. మాటలు రాక పాడినాను.

ఈ పొద్దున చుక్క పలుపును చాలాసేపు వాసన చూసింది. సగం చెంబుకే ఆపేసింది. వాసన పోతా ఉంది. మూడు నెలలు అయింది గదా. మామయ్య సగం చెంబు చూసి, పోటీరోజు ఇట్లా చేస్తే మాథ్యూ గారి చేత సూది వేయిస్తా అన్నాడు. నాకు ఆ అదురు, ఆ కళ్ళనీళ్ళు గుర్తొచ్చినాయి. దాని బిడ్డను తీసినాను. ఇప్పుడు నా భయానికి దాన్ని కూడా తీయలేను. ఈ తప్పును కడుపులో దాచుకుని నేను బిడ్డను కనలేను కూడా.

సామ్రాజ్యం అక్క వాకిట్లో చెప్పులు విడిచింది, వినపడతా ఉంది. ఈ ఉత్తరం ఆమెకు ఇచ్చి, పలుపు చేత్తో పట్టుకుని, అందరికీ కనపడేటట్టు పట్టుకుని, అత్తమ్మ దగ్గరికి పోతా ఉన్నాను. ఈసారి పాడను. చెబుతాను.

పైన రావద్దని రాసినాను, దాన్ని కొట్టేయి. ఆదివారం రండి. వాళ్ళు పంపించినా సరే, తరిమేసినా సరే, నేను వాకిట్లోనే నిలబడి ఉంటాను.